నగే ఇల్లు

మొన్నొక ఆదివారం వంటింట్లో ఎర్రగడ్డలు తరుగుతా ఉంటే హాల్లోనుంచి నవ్వు వినబడింది. ఒకరి నవ్వు కాదు, గుంపు నవ్వు. అంతా ఒక్కసారే లేస్తుంది, ఒక్కసారే ఆగిపోతుంది. అందరూ ఆగినాక గూడా ఒక ఆడమనిషి మాత్రం ముక్కుతో ఇంకాసేపు నవ్వుతానే ఉంటుంది. నా చేతిలో కత్తి ఆగిపోయింది. ఆ ముక్కు నవ్వు నాకు తెలుసు. ఆ మనిషి ఎవరో తెలియదు, మొహం ఏనాడూ చూసింది లేదు. కానీ చిన్నప్పుడు పుంగనూరు వఠారంలో మేము ఆయమ్మకు ఒక పేరు పెట్టి, ఉండడానికి ఒక గది ఇచ్చి, ఆ పూట ఏం వండుకునిందో గూడా చెప్పుకునేవాళ్ళం. ఇన్నేళ్ళకు మళ్ళా ఆ నవ్వు చెవినబడేసరికి నాకు ఒళ్ళంతా సిగ్గు కమ్ముకునింది. ఎవరో చూస్తా ఉన్నట్టు పైట సర్దుకున్నాను.

హాల్లోకి పోతే మా కోడలు సింధు సోఫా మీద కాళ్ళు ముడుచుకోని టీవీ చూస్తా ఉంది. "పాత ఇంగ్లీషు కామెడీ అత్తా, బ్లాక్ అండ్ వైట్. మీరు పుట్టక ముందుది. రండి, భలే ఉండాది" అనింది. తెర మీద అదే ఇల్లు. మధ్యలో అదే సోఫా, వెనక అదే తలుపు, ఆ పక్కన వంటింట్లోకి పోయే దావ. నేను కూర్చోలేదు, నిలబడే చూసినాను. ఇంతలో లోపలి గదిలోనుంచి మా అమ్మ గొంతు వచ్చింది. డెబ్బై దాటినాక ఆమెకు సరిగ్గా వినబడదని మేమంతా అనుకుంటా ఉంటాం. "పాపా, అది నగే ఇల్లు గదా? యాడ దొరికింది మళ్ళా?" అనింది. సింధు నా మొహం చూసింది. పొయ్యి మీద పప్పు ఉందని చెప్పి వంటింట్లోకి వచ్చేసినాను.

మేము ఇప్పుడుండేది మదనపల్లెలో, లిఫ్టు ఉండే మిద్దెలో. నేను, మా అమ్మ, నా కొడుకు నవీన్, సింధు. ఎదురు తలుపు వాళ్ళ పేరు నాకు తెలియదు. వాళ్ళింట్లో దెబ్బలాడుకుంటారో ముద్దులాడుకుంటారో అంతకంటే తెలియదు. పుంగనూరులో మా వఠారం అట్ల కాదు. ఒక పొడుగాటి రేకుల ఇంటిని ఓనరమ్మ అడ్డగోడలు పెట్టి గదులు చేసింది. ఆ గోడలు పైకప్పు దాకా పోవు. ఇటుకలు చాలక ఆపేసిందో, గాలి ఆడాలని ఆపేసిందో, మనిషి ఎత్తుకు పైన అంతా ఖాళీనే. మా గదిలో తుమ్మితే అవతలి గదిలోనుంచి "చిరంజీవ" అనేవాళ్ళు. మా చెల్లెలు సుజాత ఒకటో ఎక్కం తప్పు చదివితే ఇంకో గదిలోనుంచి దిద్దేవాళ్ళు. తిరగమాత వాసన చూసి ఎవరింట్లో ఏం కూరో చెప్పేది ఒక విద్యే కాదు, చిన్న పిల్లలకు గూడా తెలుసు. బోకులు తోముకునే కొళాయి తావ పొద్దున్నే మా సంగతులన్నీ మాకంటే ముందే చేరిపోయి ఉండేవి.

మా నాయన మునెప్ప మార్కెట్ యార్డులో హమాలీ. టమాటా బుట్టలు, చెనిక్కాయ మూటలు లారీలకెత్తేవాడు. మీసం పెద్దది, మాట చిన్నది. యార్డులో ఆయన ముందర ఎగతాళి మాట్లాడేవాడు లేడని చెప్పుకునేవాళ్ళు. మా అమ్మ రెడ్డెమ్మ పట్టుదారం తీసే షెడ్డుకు పోయేది. మరిగే నీళ్ళలో పట్టుగూళ్ళు ఏస్తారు, అవి మెత్తబడినాక వేళ్ళతోనే దారం కొస పట్టుకోని చక్రానికి ఎక్కించాల. ఏ పొద్దూ వేళ్ళు ఆ నీళ్ళలోనే. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆమె వేళ్ళు తెల్లగా ఉబ్బి, ముడతలు పడి, గోళ్ళ మొదట్లో చీలి ఉండేవి. ఉడికిన పురుగు వాసన ఒకటి ఉంటాది, ఎంత సబ్బు పెట్టినా పోదు. కోకలో, జడలో, మా పక్కబట్టల్లో అదే వాసన. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ఒకసారి ముక్కు మూసుకునింది. ఆ తరవాత నేను గోడవార చివర కూర్చునేదాన్ని. సిగ్గు పడడం నాకు ఎవరూ నేర్పలేదు, పుట్టుకతోనే వచ్చినట్టుంది.

ఆ వేళ్ళతో సంగటి గెలకడం కాదు. తెలియని వాళ్ళకు చెప్తాను. నూకలు ఉడికిన కుండలో రాగిపిండి కుప్పగా పోసి, పిండి ఉడికినాక, కుండ కిందికి దించి, రెండు పాదాల మధ్య బిగించి పట్టుకోని, కట్టెతో బలంగా తిప్పాల. ఒక్క ఉండ గూడా లేకుండా తిప్పాల. తరవాత చేయి తడుపుకుంటా, కాలతా ఉండే పిండిని చేతిలోకి తీసుకోని ముద్దలు చేయాల. పగిలిన వేళ్ళతో ఆ పని చేసే రోజుల్లో మా అమ్మ పెదవి కొరుక్కునేది. ఒక సాయంత్రం మా నాయన లేచి, తలుపు దగ్గరికేసి, గొళ్ళెం పెట్టి, అమ్మ పాత కోక గుడ్డ ఒకటి నడుముకు చుట్టుకోని, కుండ ముందర కూర్చున్నాడు. పంచె మీద పిండి పడకుండా ఆ గుడ్డ. మూటలెత్తే చేతులకు ఆ కట్టె ఒక లెక్కా. రెండు తిప్పుళ్ళకే సంగటి నున్నగా వచ్చింది. ఆ పొద్దునుంచి అదే వరస. దీపాలు పెట్టే వేళకు వఠారంలో తలుపులన్నీ తెరిచి ఉండేవి, మాది ఒక్కటే మూసి ఉండేది.

ముద్దలు చేసి మాకు పెట్టినాక ఇంకో పని గూడా ఉండేది. గిన్నెలో టెంకాయ నూనె వెచ్చజేసి, "ఏదీ, వేళ్ళు ఇట్ల చాపు పట్టుపురుగా" అనేవాడు. అమ్మను మా నాయన అందరి ముందర 'మే' అనే పిలిచేవాడు. పట్టుపురుగు అనేది మూసిన తలుపు వెనక మాట. అమ్మ నవ్వు ఆపుకుంటా, "మెల్లగా. గంగులప్పన్న ఇంట్లోనే ఉండాడు" అనేది. ఒక్కో వేలికీ నూనె రాసి, గోరు మొదట్లో ఊదేవాడు. నేను పుస్తకం ముందర పెట్టుకోని పైకి చూడకుండా కూర్చునేదాన్ని. నాకు ఇష్టంగానే ఉండేది. అది మా ఇంట్లో జరిగినంతసేపూ నాకు ఇష్టంగానే ఉండేది.

గంగులప్పది అవతలి గది. ఆయనది కుప్పం పక్క. ఎండాకాలంలో ఊరూరా తిరునాళ్ళలో వీధినాటకాలాడేవాడు, అన్నీ ఆడవేషాలే. మిగిలిన కాలమంతా పుంగనూరు బజారులో మిషను కుట్టేవాడు. పెళ్ళాం పోయింది, పిల్లలు లేరు. సన్నటి మనిషి, కనుబొమ్మలు గీసినట్టుండేవి. ఆడ గొంతు ఎత్తితే మగవాడంటే ఎవరూ నమ్మరు. ముసలామె గొంతు, కొత్త కోడలి గొంతు, గయ్యాళి గొంతు, ఏది కావాలంటే అది తీసేవాడు. కుప్పం వాళ్ళ మాటలో తమిళం కలిసి ఉంటాది గదా, ఆ యాసలో ఆయన ఏం చెప్పినా మాకు నవ్వొచ్చేది. మా అమ్మ ఆయన్ని అన్నా అనేది, నేను మామా అనేదాన్ని. ఆయన మిషను మీద మిగిలిన పేలికలతో నాకు జడ రిబ్బన్లు కుట్టిచ్చేవాడు.

ఇంక టీవీ సంగతి. మా ఓనరమ్మ తమ్ముడు మదనపల్లెలో ఒక దొరసాని దగ్గర కారు తోలేవాడు. ఆ దొరసాని వాళ్ళ దేశానికి పోతా పోతా ఒక టీవీ, ఒక డెక్కు, ఒక పెట్టెనిండా క్యాసెట్లు ఆయప్పకిచ్చింది. ఆయప్పకు పల్లెలో ఉండే ఇంటికి ఇంకా కరెంటు లేదు, దాంతో అన్నీ తెచ్చి అక్క దగ్గర పెట్టినాడు. క్యాసెట్లన్నిట్లో ఒకటే కత. ఒక మొగుడు, ఒక పెళ్ళాం, వాళ్ళుండే ఒక అపార్ట్‌మెంట్. అపార్ట్‌మెంట్ అనే మాట గూడా మాకు అప్పుడు తెలియదు. ఓనరమ్మ ఒక పూట చూసి, "వాళ్ళదీ వఠారమే, మనదానికంటే గోడలు పెద్దవి, అంతే" అని తేల్చేసింది. పక్క గదిలో ముసలి మొగుడూ పెళ్ళాం ఉండారు, తలుపు తట్టకుండా లోపలికొచ్చేస్తారు, చక్కెర అడుక్కుంటారు, ఇంటి సంగతుల్లో తల దూరుస్తారు. ఇది వఠారం కాకపోతే ఇంకేంది.

అప్పుడు ఆ నవ్వు. ఆ పెళ్ళాం ఏం చేసినా, ఏం మాట్లాడినా, కనబడని జనం గొల్లుమని నవ్వుతారు. ఎవరు వీళ్ళు? మా వఠారంలో దీనికి ఎవరూ తల గోక్కోలేదు. గోడ అవతల బాడుగకుండే వాళ్ళు, ఇంకెవరు? ఇంట్లో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకుంటే గోడ అవతల వాళ్ళకు వినబడదా, నవ్వొస్తే నవ్వరా? మేము రోజూ చేసే పని అదే గదా. అందుకని ఆ ఇంటికి నగే ఇల్లు అని పేరు పెట్టినాము. ముక్కుతో నవ్వే ఆమెకు ముక్కరమ్మ అని పేరు, మూడో గది ఆమెది. పొట్ట పట్టుకోని నవ్వేవాడు కానిస్టేబులు, చివరి గది. అందరూ నవ్వి నవ్వి కండ్లు తుడుచుకుంటా ఉంటే మా అమ్మ ఒక్కతి మాత్రం నవ్వేది కాదు. "పాపం, ఏం చేసినా నగుతాండారే. కొళాయి తావకు ఏ మొగం పెట్టుకోని పోతాదో ఆ పిల్ల" అనేది. ఆ మాటకు గూడా అందరూ నవ్వేవాళ్ళు.

ఇంగ్లీషు ఒక్క ముక్క ఎవరికీ రాదు. మాట కట్టేది గంగులప్పే. టీవీ పక్కన స్టూలు మీద కూర్చోని, తెర మీద వాళ్ళ పెదాలు కదలడం చూసి, పెళ్ళానికి ఒక గొంతు, మొగుడికి ఒక గొంతు, ముసలామెకు ఒక గొంతు పెట్టి మాట్లాడేవాడు. అసలు కత ఏందో ఆయనకూ తెలియదు, ఎవరికీ అక్కరలేదు. కొళాయి తావ జగడాలు, ఓనరమ్మ బాడుగ అడిగే తీరు, ఎవరింట్లో మాడిన పప్పు, అన్నీ ఆ తెల్లవాళ్ళ నోట్లోకి ఎక్కేసేవి. ఎవరి సంగతి వాళ్ళకు తెలిసిపోయేది, ఎవరూ కోపం తెచ్చుకునేవాళ్ళు కాదు. ఓనరమ్మ గూడా తన గొంతు విని తానే నవ్వేది. వారం వారం ఆదివారం సాయంత్రం అదే మాకు తిరునాళ్ళ. ఆడవాళ్ళు, పిల్లోళ్ళు లోపల చాప మీద, మగవాళ్ళు వాకిలి తావ నిలబడి.

ఒక ఆదివారం తెర మీద మొగుడు నడుముకు ఒక గుడ్డ కట్టుకోని వంటింట్లోకి పోయినాడు. పెళ్ళాం సోఫా మీద కాళ్ళు చాపుకోని ఉంది. గోడ అవతల వాళ్ళు అప్పుడే నవ్వడం మొదలుపెట్టినారు. గంగులప్ప ఒక్క నిమిషం ఊరికే ఉన్నాడు. ఆ నిమిషం నాకు ఇప్పటికీ గుర్తుంది, చెప్పాలా వద్దా అని చూసుకుంటా ఉన్నాడేమో. తరవాత ఆడ గొంతెత్తినాడు. "నా పాత కోక గుడ్డ సుట్టుకో, పంచె మీద పిండి పడతాది. ఉండలు లేకుండా తిప్పు. మెల్లగా, అవతల గదిలో మనిసి ఉండాడు." మొగుడు గిన్నె కిందపెట్టి పెళ్ళాం దగ్గరికొచ్చినాడు, చెయ్యి పట్టుకున్నాడు. గంగులప్ప మగ గొంతు తీసినాడు. చాలా మెత్తగా తీసినాడు. "ఏదీ, వేళ్ళు ఇట్ల చాపు పట్టుపురుగా. టెంకాయ నూనె పూస్తా."

వఠారంలో ఇంకా ఎవరికీ అర్థం కాలేదు. అర్థం అయ్యుండేది గూడా కాదేమో. మా సుజాత, అయిదేండ్ల పిల్ల, చాప మీద ఎగిరి నిలబడి, "మా నాయన గూడా అట్లే అంటాడు. మా అమ్మకు మా నాయనే పూస్తాడు, సంగటి గూడా మా నాయనే" అనింది. ఎంత సంతోషంగా అనిందో. తరవాత పెట్టెలోని జనం నవ్వినారు, వాళ్ళ వెనకే మా వఠారం నవ్వింది. ముక్కరమ్మ ఆగలేదు, ఓనరమ్మ ఆగలేదు. "అందుకేనా మే రెడ్డెమ్మా దీపాల వేళకు తలుపేసేది" అని ఎవరో అన్నారు. "మూతిమీద అంత మీసం పెట్టుకోని సంగటి గెలుకుతాండావా మునెప్పా" అని మగవాళ్ళలో ఒకడు. ఇంకొకామె నా వీపు మీద తట్టి, "ఇంత పెద్ద ఆడపిల్లవు ఇంట్లో ఉండి నాయన చేత చేపిస్తాండావా, సిగ్గు లేదా నీకు" అనింది. అమ్మ మాత్రం నవ్వు మొహం పెట్టుకోని అట్లే కూర్చోనుంది. నాయన వాకిలి తావ స్తంభానికి ఆనుకోని ఉన్నాడు. ఆయన గూడా నవ్వుతానే ఉన్నాడు. నేను ఒక్కసారి ఆయన వైపు చూసి, మోకాళ్ళ మధ్య తల దించుకున్నాను. దీపాలారి అందరూ లేచి పోయేదాకా ఎత్తలేదు.

మరుసటి రోజు సాయంత్రం అమ్మ షెడ్డునుంచి వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. నాయన గడప మీద కూర్చోని బీడీ కాలుస్తా ఉన్నాడు. అమ్మ లోపలికొచ్చి ఆయన్ని ఒకసారి చూసింది. కుండ పొయ్యి మీద పెట్టింది. నేను పోయి కట్టె పట్టుకున్నాను. నా చేతకాలేదు, సంగటి అంతా ఉండలు కట్టింది, కుండ దొర్లి కాలు కాలింది. "నువ్వు సదువుకో పో" అని అమ్మ నా చేతిలోనుంచి కట్టె లాక్కునింది. ఆ రోజునుంచి ఆమే గెలికింది. నూనె గిన్నె గూట్లోనే ఉండిపోయింది. ఆమె తనకు తానే రాసుకునేది, కొన్నాళ్ళకు అదీ మానేసింది.

అంతకంటే నాకు కష్టమైంది ఇంకొకటి ఉంది. మా ఇంట్లో మాటలు గోడ కోసరం మాట్లాడడం మొదలైంది. నాయన ఎప్పుడూ అట్ల అనినోడు కాదు, ఇప్పుడు గడప మీదనుంచి గట్టిగా, "ఏమ్మే, సంగటి అయిందా లేదా, ఎంతసేపు?" అనేవాడు. అమ్మ అంతకంటే గట్టిగా, "అయితాంది, ఉండు" అనేది. ఇద్దరి మొహాల్లోనూ కోపం లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు గూడా. అవతల వాళ్ళకు వినబడాల, అంతే. యార్డులో మా నాయన పేరు పట్టుపురుగు అయిపోయింది. మీసం ముందర ఎగతాళి ఆడని వాళ్ళందరూ ఆడినారు. ఆయన నవ్వేసి మూట ఎత్తేవాడట. కొన్నాళ్ళకు అమ్మ కుడిచేతి వేళ్ళకు చీము పట్టింది. గోరు ఊడింది. ఆసుపత్రికి పోయినాము, చాలా రోజులు కట్టు కట్టినారు, నయమైంది. కానీ ఉంగరం వేలు, దాని పక్క చిటికెన వేలు ఆ తరవాత మడవలేదు. ఇప్పటికీ మడవవు. చెయ్యి ముడిచినప్పుడు ఆ రెండు వేళ్ళు మాత్రం నిక్కి ఉంటాయి. షెడ్డు పని పోయింది. నాయన ఆ చెయ్యి వైపు చూసేవాడు కాదు.

గంగులప్పతో నేను మాట్లాడడం మానేసినాను. ఆయన కుట్టిన రిబ్బన్లు పొయ్యిలో వేసినాను. మేము వఠారం ఖాళీ చేసేదాకా ఆయన పిలిస్తే పలకలేదు. మాట కట్టడం ఆయనే ఆపేసినాడు. టీవీ ఊరికే ఆడేది, పెట్టెలో వాళ్ళు ఇంగ్లీషులో మాట్లాడుకుంటా ఉంటే గోడ అవతల జనం నవ్వేవాళ్ళు, మా వాళ్ళు ఉత్తగా చూసేవాళ్ళు. మెల్లమెల్లగా అందరూ రావడం మానేసినారు. ఓనరమ్మ తమ్ముడింటికి కరెంటు వస్తే ఆయప్ప టీవీ తీసుకుపోయినాడు.

చాలా ఏళ్ళ తరవాత టీచరు ఉద్యోగంలో నాకు కుప్పం వేసినారు. అప్పటికి నాయన లేడు. ఒక ఎండాకాలం బడి పక్క వీధిలోనే నాటకం. గంగులప్ప పేరు మైకులో విని గూడా పోయినాను, ఎందుకు పోయినానో నాకే తెలియదు. ముసలోడైనాడు, అయినా ఆడవేషమే. అయిపోయినాక మొహాన రంగుతోనే జనంలోనుంచి నన్ను పోల్చుకోని వచ్చినాడు. "పాపా, మునెప్పన్న కూతురువు గదా. నాయన బాగుండాడా?" అన్నాడు. పోయినాడని చెప్పినాను. ఆయన కండ్ల కింద రంగు చెదిరింది. "ఆ పొద్దు నేను ఎగతాళికి చెప్పలేదమ్మా. నా ఇంట్లో పలికే దిక్కు లేదు. మీ గోడ అవతల ఆ మాట వినే నేను సంగటి తినేది. అంత బాగుండే మాట ఒకసారైనా పైకి చెప్పాలని నోరూరింది. వాళ్ళు నగుతారని అనుకోలేదు" అన్నాడు. నేను ఏమన్నాను? "బస్సుకు టైమైంది" అన్నాను. బస్సూ లేదు, ఏమీ లేదు, నా గది ఆ వీధిలోనే. వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసినాను. మా ఇంటి తలుపు తెరిచింది ఈయప్పే అనే కోపం అప్పటికీ నాలో వేడిగానే ఉంది. తరవాత కొన్నేండ్లకు ఆయనా పోయినాడని ఎవరో చెప్పినారు.

మొన్నటి ఆదివారానికి వస్తాను. సింధు ఇంకో భాగం పెట్టింది. అమ్మ గోడ పట్టుకోని వచ్చి సోఫాలో కూర్చునింది. నవ్వు వినబడగానే, "ముక్కరమ్మ ఇంగా ఉండాదే" అనింది. ముక్కరమ్మ ఎవరని నవీన్ అడిగితే వఠారం కత అంతా చెప్పింది, సంగటి కత తప్ప. వాడు పడి పడి నవ్వినాడు. "అవ్వా, వాళ్ళు పక్కింటోళ్ళు కాదు. అది ఇల్లే కాదు, సెట్టింగు. మూడు గోడలే ఉంటాయి. నాలుగో గోడ ఉండాల్సిన చోట కుర్చీలేసి జనాన్ని కూర్చోబెడతారు, వాళ్ళు చూసి నవ్వుతారు" అన్నాడు. అమ్మ తెర మీద ఉండే పెళ్ళాం వైపు చెయ్యి చూపింది. "అయితే ఆ పిల్లకు తెలుసా, వాళ్ళు ఉండారని?" అనింది. తెలుసన్నాడు వాడు. "తెలిసే చేస్తాందా" అని, అదేదో పెద్ద బరువు దించినట్టు వెనక్కి వాలింది.

మధ్యాహ్నానికి నవీనే సంగటి చేస్తానన్నాడు. వాడికి జొన్నరొట్టెలు, రెండు రకాల చేపల పులుసు వచ్చు, సంగటి కొత్త. చారల గుడ్డ ఒకటి, మెడలోనుంచి వేసుకోని నడుముకు కట్టుకునేది, దాన్ని కట్టుకోని కుక్కరు కిందికి దించి కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. సింధు ఫోను పట్టుకోని వీడియో తీస్తా ఉంది. "సంగటి గెలికే మొగుడు అని పెడతాను, చూడు ఎంతమంది చూస్తారో" అనింది. వాడు ఫోను వైపు చూసి నవ్వినాడు. ఏ సిగ్గూ లేదు వాడికి. వాడి చేతులు అచ్చం మా నాయన చేతులు. నేను సంతోషపడాల గదా. నా కండ్లు మాత్రం వీధి తలుపు వైపు పోయినాయి, మూసి ఉందా లేదా అని. అరవై దగ్గర పడినాను, బడిలో ఎంతమంది పిల్లలకు పాఠాలు చెప్పినానో. నా కొడుకు పొయ్యి దగ్గర కూర్చుంటే ఇంకా నా మెడ వంగుతుంది. ఇది ఎవరితో చెప్పుకోవాల.

నేను లేవక ముందే అమ్మ లేచింది. మెల్లగా పోయి తలుపు నెట్టి గొళ్ళెం పెట్టింది. "యాల అవ్వా, తలుపెందుకు?" అన్నాడు నవీన్. "నగుతారప్పా" అనింది.

వాడు నవ్వి మళ్ళా కట్టె తిప్పుకున్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు మింగింది నోట్లోకి వచ్చేసింది. "అంతా ఆ గంగులప్ప చేసింది. వాడు ఆ పొద్దు నోరు మూసుకోనుంటే నాయన మానేవాడు కాదు, నీ వేళ్ళు ఇట్ల అయ్యేవి కాదు" అన్నాను.

అమ్మ వచ్చి నా పక్కన కూర్చునింది. "గంగులప్పన్న ఏం చేసినాడు పాపం" అనింది. "వాళ్ళు నగితే మీ నాయనకేమి. మూటలు మోసేటోడు, ఎంతమంది నగింటారో. మర్సటి రోజే నేను అడిగినా, యాల మానుకుంటివని. వఠారం నగనీ మే, దానికేమి అన్నాడు. పెద్దది తల దించుకునింది, నన్ను సూసి దించుకునింది, ఇంగ నేను ఆ కట్టె పట్టను అన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు. అందుకే చెప్పలా."

నవీన్ ముద్దలు చేసి ముందర పెట్టినాడు. ఒక్క ఉండ గూడా లేదు. ఆవిరి లేస్తా ఉంది. "అవ్వా, కాలతాది, ఆరనీ" అంటా వాడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నిక్కి ఉండే ఆ రెండు వేళ్ళు వాడి అరచేతిలో ఉన్నాయి. నేను పళ్ళెంలోకి చూస్తా కూర్చున్నాను. హాల్లో టీవీ ఎవరూ ఆపలేదు, జనం నవ్వుతానే ఉన్నారు.

"ఇంగా యాల దించుకుంటావు తల" అనింది అమ్మ. "తిను, సల్లారిపోతాది."